వంకగట్టు మీది జిల్లేళ్లు

ఆ ఏడాది ఆషాఢం దాటిపోయినా మా వైపు సరైన వాన లేదు. కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో ముప్పావుగంట వస్తే మా ఊరు. ఎర్రనేల, నేల నిండా గరుసు, చుట్టూ బోడిగుట్టలు, గుట్టల మీద గాలిమరలు. జూన్ నెలాఖరులో ఒక్క పదును వాన పడిందని అందరూ వేరుశనగ విత్తారు. మొలకలు వచ్చాయి, నాలుగాకులు తొడిగాయి. ఆ తర్వాత మబ్బులు రోజూ మా నెత్తి మీదుగానే వెళ్లేవి గానీ ఒక్కటీ ఆగేది కాదు. గాలికి మాత్రం అలుపు లేదు. పొద్దున లేచి గడప ఊడిస్తే చేటెడు ఎర్రదుమ్ము వచ్చేది.

పిల్లలను బడికి పంపి, నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఇప్పుడూ కుడుతున్నాను. నేను పుట్టింది చిలమత్తూరు దగ్గర. అదీ కరువు నేలే అయినా, ఇక్కడి ఎండ చూశాక మా పుట్టిల్లు వానలు కురిసే మలెనాడులా అనిపించింది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇక్కడ పచ్చగా కనబడేది ఏమిటని వెతికేదాన్ని. కనబడింది జిల్లేడు ఒక్కటే. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. బడి వెనకా పెంటదిబ్బల పక్కనా పెరిగే మొక్కను ఎవరు లెక్కపెడతారు? వినాయక చవితికి పత్రిలో నాలుగాకులు, రథసప్తమి స్నానానికి నెత్తి మీద ఏడాకులు. అంతటితో దాని పని అయిపోయేది.

మా అత్తకు అప్పటికి అరవై దాటాయి. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆమెకు ఎనిమిది మేకలు ఉండేవి. పొద్దున సంగటి తిని వాటిని తోలుకుపోతే మళ్లీ పొద్దు వాలే వేళకే ఇల్లు చేరేది. ఆమెకు మాటలు తక్కువ, మాట్లాడినా ఆ గొంతులో గరుకు ఉండేది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె నన్ను మెచ్చుకున్నదీ లేదు, తిట్టినదీ లేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఏమీ అనకుండా మజ్జిగ పోసుకుని తినేసేది. ఆమెకు నేనంటే ఇష్టమో కాదో నాకు తెలిసేది కాదు.

ఆ శ్రావణం మొదట్లో ఆమె మోకాళ్లు పట్టేశాయి. ఒకరోజు పొద్దున గోడ పట్టుకుని లేచి నిలబడి, "ఏమ్మే, వంకగట్టు మీదికి పోయి రోంత జిల్లేడాకు తెచ్చియ్యి. వెచ్చజేసి కట్టుకుంటా" అంది. ఆముదం పూసి, జిల్లేడాకును పెనం మీద కాచి కట్టుకోవడం మా ఇళ్లల్లో మామూలే.

మా ఇంటి వెనక మా చేను. చేను అవతలి అంచున ఒక వంక. ఏడాదిలో ఏ నాలుగు రోజులో నీళ్లు పారి, మిగిలిన రోజులన్నీ ఇసుకగానే ఉండే వాగు అది. ఆ గట్టు మీద వరసగా పదీ పదిహేను జిల్లేడు పొదలు. నేను కత్తి తీసుకుపోలేదు. చేత్తోనే ఆకులు తుంచుతున్నాను. తుంచిన ప్రతిచోటా పాలు బొట్లుబొట్లుగా ఊరుతున్నాయి. గాలి జోరుగా వీస్తోంది. ఒక కొమ్మ వంచి చివరి ఆకు తుంచేసరికి కొమ్మ చేతిలోంచి జారి పైకి లేచింది. నాలుగైదు చుక్కలు మొహాన పడ్డాయి. ఒకటి కుడికంట్లో పడింది.

కాస్త మండింది. కొంగుతో తుడుచుకున్నాను. ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లతో మొహం కడుక్కున్నాను. మంట పోయింది. ఆకులు అత్తకిచ్చి మిషను ముందు కూర్చున్నాను. నొప్పి లేదు కాబట్టి మర్చిపోయాను కూడా.

మధ్యాహ్నానికి వాకిట్లోకి చూస్తే వెలుగు చుట్టూ రంగుల వలయం కనబడింది. సూదిలో దారం ఎక్కించబోతే సూది బెజ్జం లేదు. ఎడమకన్ను మూసి చూశాను. ఎదురుగా ఉన్న గోడ తెల్లటి పొగలా ఉంది. గోడ మీది క్యాలెండరు ఆ పొగలో ఇంకొంచెం చిక్కటి పొగలా ఉంది. ఇంతా జరుగుతున్నా కంట్లో రవ్వంత నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అత్తా" అని పిలిచాను.

మోకాళ్లకు ఆకులు కట్టుకుని పడుకున్న మనిషి తల ఎత్తింది. "ఏమాయె?"

"పొద్దున కంట్లో జిల్లేటి పాలు పడినాయి. ఇప్పుడు ఈ కన్ను కనపడల్యా."

"పొద్దున పడితే ఇప్పుడు చెప్తాండావా?" అంటూ ఆమె లేచిన తీరు నేను మర్చిపోలేను. కట్టిన ఆకులు ఊడి కింద పడ్డాయి. నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, తలను తన ఒళ్లోకి వంచుకుని, బిందెలో నీళ్లు చెంబుతో ముంచి కంట్లో పోస్తూనే ఉంది. అప్పుడు మా ఊరికి ట్యాంకరు నీళ్లు రెండు రోజులకోసారి వచ్చేవి. గిన్నెలు కడిగిన నీళ్లను కూడా మేకల కుడితిలోకి పోసే మనిషి ఆమె. ఆరోజు నిండు బిందెను నా ఒక్క కంటి మీద ఖాళీ చేసింది. పక్కింటామె వచ్చి, బాలింత ఎవరైనా ఉంటే చనుబాలు పిండిద్దామంది. అత్త తల కూడా ఎత్తలేదు. "పాలు పడి కన్ను పాయెనంటే మళ్లా పాలేనా? గమ్మునుండు" అంది.

మర్నాడు మొదటి బస్సుకే నన్ను అనంతపురం కంటాసుపత్రికి తీసుకుపోయింది. మా ఆయన వస్తానంటే, "నువ్వు మేకల్ని చూస్కో" అని ఆపేసింది. మోకాళ్ల నొప్పితో బస్సు మెట్లు ఎక్కలేక రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఎక్కింది. ఎక్కాక మళ్లీ వెనక్కి చెయ్యి చాపి నన్ను పైకి లాగింది.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. యంత్రంలో గడ్డం పెట్టమని చాలాసేపు చూసింది. "జిల్లేడు పాలు లోపలికి ఇంకి, నల్లగుడ్డు ముందుండే పొర ఉబ్బిపోయింది. ఆ పాలు తిమ్మిరెక్కిస్తాయి, అందుకే నొప్పి తెలియదు. నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వచ్చారు, మంచిపని చేశారు" అంది. చుక్కల మందు రాసిచ్చి, మెలకువగా ఉన్నంతసేపు గంటగంటకూ వెయ్యాలని, పొగ దగ్గరికీ కుట్టుపని దగ్గరికీ పోకూడదని చెప్పింది.

"చూపు వస్తాదా తల్లీ?" అని అత్త అడిగింది. ఆ గొంతు అలా తగ్గడం నేను అంతకుముందు వినలేదు.

"వస్తుందవ్వా. రెండు మూడు వారాలు పట్టచ్చు."

వచ్చేటప్పుడు అత్త కళ్యాణదుర్గం బస్టాండులో దిగాక నన్ను ఒక బండి దగ్గరికి తీసుకుపోయి ఎర్ర ఫ్రేము ఉన్న నల్లద్దాలు కొని నా మొహానికి తానే పెట్టింది. తర్వాత అటు తిరిగి, "నా మోకాళ్ల కోసం నీ కన్ను పోగొడితినే" అంది. నాతో అన్నట్టు లేదు, ఎదురుగా ఆగి ఉన్న ఆటోతో చెప్పినట్టుంది.

ఇంటికి రాగానే మా ఆయనతో, "ఆ గట్టు మీద ఒక్క జిల్లేడు ఉండకూడదు. పక్క చేన్లో కుంట తవ్వేకి జేసీబీ వస్తాదంటివే, అప్పుడు మన గట్టు కూడా చదును చేయించు. యేర్లతో సహా పెరికించు" అంది. మా ఆయనకు అంతకంటే కావలసింది లేదు. గట్టు చదునైతే ఇంకో నాలుగు సాళ్లు విత్తుకోవచ్చు. సరేనన్నాడు.

మరుసటి రోజు పొద్దున ఆమె మేకల కట్టు విప్పుతూ నన్ను పిలిచింది. "నువ్వూ రా. ఇంట్లో ఉంటే మిషను కాడికో పొయ్యి కాడికో పోతావు. నిన్ను నమ్మేకి లేదు." దుమ్ములోకి ఎందుకని మా ఆయన గొణిగాడు. "వంకలోకి గాలి రాదు, ఇసుక తప్ప దుమ్ము లేదు" అని కొట్టిపారేసింది. ఆమె దగ్గర ఒక చిన్న ఫోను ఉండేది. మీట నొక్కితే అది టైము పలికేది. గంట కాగానే నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తన బరుసు వేళ్లతో రెప్ప విప్పి మందు వేసేది. ఆ వేళ్లు ఒక్కసారి కూడా వణకలేదు.

అలా పద్నాలుగేళ్లుగా ఇంటి వెనకే ఉన్న వంకలోకి నేను మొదటిసారి తీరుబడిగా వచ్చి కూర్చున్నాను. గట్టు పక్కన ఒక తుమ్మచెట్టు, దాని చిల్లుల నీడ. మొదటి రెండు రోజులు ఏడుస్తూనే కూర్చున్నాను. కుట్టడం తప్ప నాకేమీ రాదు. ఒక కన్ను పోతే నేనేమిటన్నదే ఆలోచన. మూడోరోజుకు ఏడుపు అయిపోయింది. చేసేదేమీ లేక ఎడమకంటితో చూడటం మొదలుపెట్టాను.

గట్టుకు అవతల మా వేరుశనగ చేను. పన్నెండు గంటలకల్లా మొక్కలన్నీ ఆకులు ముడుచుకుని, చేతులు జోడించినట్టు నిలబడేవి. రేగుపొదల్లో ముళ్లు తప్ప ఏమీ లేవు. గడ్డి ఎప్పుడో మాడిపోయింది. గుట్ట మీది బండల నుంచి వేడి సెగ కదులుతూ కనబడేది. అంతటి ఎండలో జిల్లేడు ఒక్క ఆకు కూడా వాల్చలేదు. వెడల్పాటి ఆకులు, బూడిదగుమ్మడికాయ మీద ఉండేటటువంటి తెల్లటి పొడి పూసుకుని, ఎండకు ఎదురుగా నిలబడ్డాయి. పైగా నిండా పూలు. ఇన్నేళ్లూ ఆ పూలను హనుమంతుడి మెడలో దండగా చూశానే తప్ప దగ్గరగా చూడలేదు. మైనంతో చేసినట్టున్న అయిదు రేకులు, లేత వంగరంగు, మధ్యలో చిన్న కిరీటం. ఏ కంసాలి చెక్కినా అంత తీరుగా రాదు. బొటనవేలంత నల్లతుమ్మెదలు నీలంగా మెరుస్తూ ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు తిరిగేవి. ఆ బరువుకు పూలగుత్తి ఊగేది. ఆ వంకలో ఆ మధ్యాహ్నం వినబడే చప్పుళ్లు రెండే, తుమ్మెదల రొద, మేకల గంట.

ఆకును ముట్టుకోవద్దని అత్త గట్టిగా చెప్పింది. ఆమె మేకలను మళ్లించడానికి వెళ్లినప్పుడు మడిచిన వేలి వెనకభాగంతో ఒక ఆకును తాకాను. మిట్టమధ్యాహ్నం, కింద ఇసుక తగిలితే బొబ్బలెక్కేంత వేడి. ఆకు మాత్రం చల్లగా ఉంది. కుండ పక్కకు చెంప ఆనించినంత చల్లదనం. నేను వెంటనే వేలు వెనక్కి తీసుకున్నాను. నా కన్ను చెడగొట్టిన చెట్టు మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఆ చల్లదనం తగిలాక కోపం ఎంత వెతికినా దొరకలేదు.

నాలుగోరోజో అయిదోరోజో ఒక ఆకు మీద పురుగు కనబడింది. చిటికెనవేలంత ఉంది. ఒంటి నిండా నలుపు, తెలుపు, పసుపు చారలు. చూస్తుండగా అది ఆకు మధ్య ఈనె మీదికి పాకి, ఆకు మొదట్లో ఆ ఈనెను కొరకడం మొదలుపెట్టింది. పాలు ఊరి కిందికి కారాయి. పురుగు తల పక్కకు తిప్పుకుని ఆగింది. పాలు కారడం తగ్గింది. మళ్లీ కొరికింది, మళ్లీ ఆగింది. ఆకు కొద్దిగా కిందికి వాలింది. అప్పుడు ఆ పురుగు ఆకు చివరికి, పాలు అందని వైపుకు వెళ్లి నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది.

"అత్తా! బిన్నా రా!" అని అరిచాను.

ఆమె కట్టె పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. "మళ్లా పడెనా కంట్లో?"

"లేదత్తా. ఈ పురుగు చూడు. పాలు కారిపోయేదాంకా కాసుకోని ఉండి తింటాండాది."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఇసుకలో కూర్చుంది. పురుగు పక్క ఆకు మీదికి పోయింది. అక్కడా మొదట ఈనె కొరికింది, ఆగింది, పాలు పోనిచ్చింది. ఆమె ఆ ఆకు దగ్గరికి మొహం తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"పుట్టినప్పట్నుంచి చూస్తాండా ఈ పురుగుల్ని. కాలికింద తొక్కినదే గానీ, ఏం చేస్తాండాయని చూసింది లేదు" అంది. కాసేపయ్యాక, "దీనికి చెప్పినోళ్లెవరే? పాలు పోనిచ్చి తినాలని?" అని అడిగింది. నిజంగా నాకు తెలిసి ఉంటుందన్నట్టే అడిగింది. నాకు తెలియదని చెప్పాను. ఇంటర్లో బైపీసీ చదివాను గానీ ఆ చదువులో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నా కంటిని మసక చేసిన పాలు దానికి ఉగ్గుపాలు. అంతవరకే నాకు అర్థమైంది, ఆ అర్థమైన మేరకే ఒళ్లు జలదరించింది.

ఆరోజు నుంచి అత్తకు మేకల మీద ధ్యాస తగ్గింది. వంకలోకి రాగానే నేరుగా ఆ పొద దగ్గరికి వెళ్లేది. పురుగు ఏ ఆకు మీద ఉందో ముందు తానే కనిపెట్టాలని ఆమెకు పట్టుదల. దాని పక్కనే ఇంకో వింత మిడత ఉండేది, పసుపు ఒంటి మీద నీలి గీతలు, పెళ్లికొడుకులా ముస్తాబై. అదీ ఆ ఆకులే తినేది. ఒక పిట్ట వచ్చి తుమ్మ కొమ్మ మీద వాలి, ఆ పురుగునూ ఈ మిడతనూ చూసి, రెంటినీ ముట్టకుండా ఎగిరిపోయేది. "దానికీ తెలుసు" అనేది అత్త. మేకలు కూడా ఆ పచ్చాకు జోలికి పోవని, ఎండి రాలిన ఆకునైతే అప్పుడప్పుడూ నములుతాయని ఆమే చెప్పింది. అలా ఒకటొకటిగా ఆమె నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్లలో మాట్లాడనంత ఆ వారంలో మాట్లాడింది. తన చిన్నప్పుడు ఒక కరువులో వాళ్ల నాయన మేకలను తోలుకుని ఎటో వెళ్లి ఆరునెలల తర్వాత తిరిగి వచ్చాడట. వచ్చిన రోజు ఆమె ఆయన్ను గుర్తుపట్టక ఇంట్లోకి పరిగెత్తిందట. ఆ మాట చెప్పి నవ్వింది. ఆమె పైవరసలో ఒక పన్ను లేదని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు పురుగు కనబడలేదు. ఇద్దరం ప్రతి ఆకూ వెతికాం. చివరికి అత్తే కనిపెట్టింది. ఒక ఆకు అడుగున తలకిందులుగా, కొక్కెంలా వంగి వేలాడుతోంది. "సచ్చిపాయెనేమో" అంది దిగులుగా. మరుసటి రోజు పొద్దున పోయి చూస్తే పురుగు లేదు. ఆ చోట లేత పచ్చని బొట్టు ఒకటి వేలాడుతోంది, పచ్చరాయి పూస లాగా. దాని మీద బంగారు చుక్కలు. రంగు బంగారం కాదు, ఎండ తగిలితే నిజంగానే బంగారంలా మెరిసే చుక్కలు.

అత్త చెయ్యి నోటికి పోయింది. "ఏమే, ఎవురన్నా చెవికమ్మ పోగొట్టుకున్నారా ఈడ?"

"కాదత్తా. మన పురుగే."

ఆమె నమ్మలేదు. కింద ఇసుకలో వెతికి, ఆ పురుగు విడిచిన నల్లటి తోలు ముద్ద చూపిస్తే అప్పుడు నమ్మింది. పైటకొంగు అంచు నుంచి ఒక పేలిక చింపి, గుర్తుకోసం ఆ కొమ్మ మొదట్లో కట్టింది. కొత్త చీర అంచు అది.

మధ్యలో ఆసుపత్రికి ఇంకోసారి వెళ్లొచ్చాం. వాపు తగ్గుతోందని డాక్టరమ్మ అంది. మందు వేసుకోవడం మొదలుపెట్టి పదహారో రోజు అనుకుంటాను, వంకలో కూర్చుని అలవాటుగా ఎడమకన్ను మూసి గుట్ట వైపు చూశాను. అంతవరకూ తెల్లటి మరకలా తిరుగుతున్న గాలిమర ఆరోజు విడివిడిగా మూడు రెక్కలై తిరిగింది. నేను వేలు చాపి "ఒకటి, రెండు, మూడు" అన్నాను. అత్తకు అర్థమైంది. మొహాన్ని కొంగులో దాచుకుంది. తర్వాత, "రోంత మజ్జిగ తాగు" అని సత్తు చెంబు నా చేతికిచ్చింది.

మూడు రోజులకు జేసీబీ వచ్చింది. పక్క చేన్లో కుంట పని అయిపోగానే మా ఆయన దాన్ని మా గట్టు మీదికి తీసుకొచ్చాడు. మేము వంకలోనే ఉన్నాం. ఇన్ని రోజుల ధ్యాసలో గట్టు చదును సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఆ ఇనప చెయ్యి గట్టు అవతలి కొసన ఉన్న మొదటి జిల్లేడు మీదికి లేస్తుంటే నేను అత్త వైపు చూశాను. ఇంటి పెద్దగా మాటన్న మనిషి, కొడుకు ముందు ఆ మాట వెనక్కి తీసుకోవడం సులువు కాదు.

మొదటి దెబ్బకే పొద విరిగి పక్కన పడింది. మొద్దు మాత్రం కదల్లేదు. డ్రైవరు ఇంకాస్త తవ్వాడు. ఎర్రమన్ను పోయి గరుసు వచ్చింది. గరుసు మధ్యనుంచి చెయ్యంత లావు వేరు నిటారుగా కిందికి దిగి ఉంది. ఇంకా తవ్వాడు. తెల్లటి సుద్దమన్ను వచ్చింది. వేరు దాన్నీ చీల్చుకుని దిగిపోయింది. ఆ మనిషికి పంతం పుట్టింది. గుంత మనిషి లోతు దాటింది. డ్రైవరు ఇంజను ఆపి, కిందికి తొంగిచూసి, "ఏమవ్వా, దీని యేరు యాడిదాంకా పోయిండాది? దీనికింద ఇంగొక ఊరు ఉండాదా?" అన్నాడు.

అత్త లేచింది. వద్దంటున్నా వినకుండా, తవ్విన మన్ను జారుతున్న వాలు మీద కూర్చుని, పాకుతూ గుంతలోకి దిగింది. మోకాళ్లు పట్టేసిన మనిషి అలా ఎలా దిగిందో నాకిప్పటికీ తెలియదు. నేనూ వెనకే దిగాను. పైన ఎండ మాడ్చేస్తోంది, లోపల వేరే వాసన. వాన పడిన మొదటి నిమిషంలో నేల నుంచి లేస్తుందే, అలాంటి వాసన. ఎన్ని నెలలైందో ఆ వాసన చూసి.

వేరు ఇంకా కిందికి పోతూనే ఉంది. దాని పక్కన మన్ను నల్లగా ఉంది. అత్త ఒక పిడికెడు తీసి నొక్కింది. చెయ్యి తెరిస్తే ఆ మన్ను విడిపోలేదు. సంగటి ముద్దలా నిలిచింది, దాని మీద ఆమె నాలుగు వేళ్ల అచ్చులు. ఆ ముద్దను తెచ్చి నా చెంపకు ఆనించింది.

"చూడు" అంది గుసగుసగా. "తడి ఉండాది."

ఆ తడి ఎంతో ఉందని కాదు. అది పిండితే నీళ్లు కారవు. బోరు వేస్తే అక్కడ పడేదీ ఏమీ ఉండదు. ఊరంతా ఆకాశం వైపు చూస్తుంటే, ఆ మొక్క ఎప్పుడో ఏ ఏడాదో పడిన వాన మిగిలి ఉన్న చోటికి, గరుసూ సుద్దా చీల్చుకుని దిగిపోయి, దొరికిన ఆ రవ్వంత చెమ్మను పైకి తెచ్చి ఆకులు చల్లగా ఉంచుకుంది. పూలు పూసింది. పురుగుకు పాలిచ్చింది. ఆ గుంతలో మేమిద్దరం వేరు పక్కనే నిలబడ్డాం. గుడి గర్భాలయంలో కూడా నాకు ఎన్నడూ నోరు అలా పడిపోలేదు.

పైనుంచి మా ఆయన, "ఏమ్మా, ఆడ ఏం చేస్తాండావు? మన్ను కూలితే?" అని అరిచాడు.

నేను ముందు పైకెక్కి వచ్చాక, అత్తను ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి ఆయన పట్టి పైకి లాగాం. ఆమె డ్రైవరు వైపు తిరిగి, "ఇంగ చాలప్పా. బండి తోలుకో" అంది.

"నువ్వే కదమ్మా పెరికించమంటివి?" అన్నాడు మా ఆయన.

"నేనే అంటి. ఇప్పుడు నేనే వద్దంటాండా."

"నాలుగు సాళ్ల నేల వస్తాదనుకుంటిమే."

"ఉండే సాళ్లల్లో ఏం పండిందని ఇంగ నాలుగు?" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకుని అత్త చీరకు అంటిన సుద్ద దులిపాను. డ్రైవరు నవ్వుతూ బండి వెనక్కి తిప్పాడు.

మర్నాడు పొద్దున తొందరగా వెళ్లాం. అంతకుముందు రోజే ఆ పచ్చపూస నల్లబడి, లోపల మడిచిన రెక్కల రంగు పైకి కనబడింది కాబట్టి ఇక ఆలస్యం ఉండదని నా అంచనా. అయినా మేం చేరేసరికే అది విచ్చుకుంది. ఖాళీ డొల్ల గాజుపొరలా వేలాడుతోంది. దాన్ని పట్టుకుని తడి రెక్కలతో సీతాకోకచిలుక. ఇటుకరంగు రెక్కలు, నల్లటి అంచులు, ఆ అంచుల్లో తెల్లచుక్కలు. నలిగిన గుడ్డలా ఉన్న రెక్కలు మేం చూస్తుండగానే మెల్లగా సాగి, ముడతలు పోయి, ఇస్త్రీ చేసినట్టు అయ్యాయి. బయటికి వచ్చే క్షణం చూడలేకపోయామని నాకు బాధగా ఉంది. అత్తకు ఆ బాధేమీ లేదు. ఆమె ఊపిరి కూడా గట్టిగా వదలడం లేదు.

అది ఎండలోకి పాకింది. రెక్కలు ఒకసారి తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. గాలి వచ్చింది, అది లేచింది. వంక దాటి, మా ఎండిన చేను దాటి, తక్కువ ఎత్తులో తొణుకుతూ పోయింది. కనబడినంత దూరం చూశాం.

ఆ ఏడాది వాన భాద్రపదం చివర్లో వచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మాకు కాయ లేదు, మేకలకు మేతగా ఎండిన వేరుశనగ కట్టె మాత్రం మిగిలింది. ఊళ్లో చాలామంది మగవాళ్లు బెంగళూరు పనులకు వెళ్లారు. మా ఆయనా నాలుగు నెలలు వెళ్లాడు. ఇంట్లో నేను, పిల్లలు, అత్త. జాకెట్లు కుట్టడం మధ్యాహ్నానికి ముగించుకుని, వీలైనప్పుడల్లా నేనూ ఆమెతో వంకలోకి వెళ్లేదాన్ని.

ఫాల్గుణంలో ఒకరోజు ఇద్దరం అక్కడే ఉన్నాం. జిల్లేడు కాయలు చిలకముక్కుల్లా ఉబ్బి, ఎండి, పగులుతున్నాయి. ఒక కాయ మా కళ్లముందే నిలువునా చీలింది. లోపల గింజలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కో గింజకు పట్టుకుచ్చు లాంటి తెల్లటి దూది. గాలి తగిలేకొద్దీ కుచ్చులు విచ్చుకుని ఒక్కొక్కటే లేచాయి. ముందు రెండు, మూడు. తర్వాత ఒక్కసారిగా వందలు. అన్ని పొదల నుంచీ లేచి, ఎండలో వెండిలా మెరుస్తూ, వంక మీదుగా, బండల మీదుగా, గుట్ట ఎక్కి గాలిమరల వైపు పోతున్నాయి. ఆకాశం ఖాళీగా ఉంది, అవి తప్ప. అత్త కట్టె మీద గడ్డం ఆనించి నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమె నెరిసిన జుట్టులో రెండు దూదికుచ్చులు చిక్కుకున్నాయి. తియ్యబోయి ఊరుకున్నాను.

ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు.

"అయ్యో!" అని ఆమె ఉన్నట్టుండి కట్టె ఎత్తింది. "మేకలు యాడమే? చీనీతోటలోకి దూరతాండాయి, పట్టు!"

పక్క చేన్లో కుంట కింద కొత్తగా నాటిన బత్తాయి మొక్కల వైపు ఇద్దరం గట్టు మీద పరిగెత్తాం. తోట కంచె దగ్గర ముందు నేనే చేరాను.